న్యూజిలాండ్‌లో పాత డెలికా డీ:5 కొనాలనుకుంటున్నాం, డీజిల్ తీసుకోవాలా పెట్రోల్ తీసుకోవాలా?

కొత్తగూడెం_కివీ:
అందరికీ నమస్కారం. ఆక్లండ్‌లో ఉంటాం, ఇద్దరు చిన్న పిల్లలు. డిసెంబరులో అమ్మానాన్న కొత్తగూడెం నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. ఇప్పుడున్న చిన్న కారులో ఆరుగురం పట్టం. అందుకని జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ వ్యాన్ చూస్తున్నాను, మిత్సుబిషి డెలికా డీ:5 మీద మనసు పడింది. వాళ్లు తిరిగి వెళ్లేలోపు సౌత్ ఐలాండ్ తిప్పి జూన్‌లో మంచు చూపించాలని కోరిక, తర్వాత క్యాంపింగ్‌కి మేం వాడుకుంటాం, కాబట్టి ఫోర్ వీల్ డ్రైవే కావాలి. బడ్జెట్ 22 వేల డాలర్లు. రెండు బళ్లు నచ్చాయి, రెండూ డీలర్ల దగ్గరే ఉన్నాయి. ఒకటి 2014 డీజిల్, లక్షా ఐదు వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది 2011 పెట్రోల్ 2.4, 82 వేలు తిరిగింది. డీజిల్‌కి పికప్ బాగుంది, మా ఆవిడకి కూడా అదే నచ్చింది. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గ్యారేజ్_గోదారి:
క్రైస్ట్‌చర్చ్‌లో వర్క్‌షాప్‌లో పనిచేస్తాను, ఈ వ్యాన్లు తరచుగా లిఫ్ట్ ఎక్కుతుంటాయి. ముందు ఒక్క మాట చెప్పండి అన్నా, మామూలు రోజుల్లో బండి ఎంత దూరం తిరుగుతుంది? సౌత్ ఐలాండ్ ట్రిప్ ఏడాదికొకసారి. మిగతా రోజుల సంగతి తెలిస్తేనే డీజిలా పెట్రోలా చెప్పగలం.

కొత్తగూడెం_కివీ:
ఆఫీసు ఆరు కిలోమీటర్లు, పిల్లల డేకేర్ దారిలోనే. వీకెండ్ గుడికి, ఇండియన్ షాపులకి. నెలకో రెండు నెలలకో హామిల్టన్ వరకు వెళ్తాం.

గ్యారేజ్_గోదారి:
అయితే డీజిల్ వద్దు. కారణం చెప్తాను.

డీ:5 2007లో పెట్రోల్ 2.4తో వచ్చింది, సీవీటీ గేర్‌బాక్స్, అంటే విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్. 2.2 డీజిల్ 2013 నుంచి, దానికి సిక్స్ స్పీడ్ ఆటోమేటిక్. మంచి ఇంజనే, కాదనను. కానీ ఈ డీజిల్‌కి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది, మసి దానిలో పేరుకుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ దాదాపు 600 డిగ్రీల వేడెక్కాలి, అంటే ఇంజన్ బాగా వేడెక్కి హైవే మీద కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. మీ బండి ఆరు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతుంది. మసి కాల్చడం మొదలైన ప్రతిసారీ మధ్యలో ఆగిపోతుంటే అందుకోసం అదనంగా పంపిన డీజిల్ కొంత కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అందుకే పాత డీజిల్ చూసేటప్పుడు డిప్‌స్టిక్ లాగి చూడండి, గరిష్ఠ గీత దాటి ఉంటే ఆ బండి సిటీలో చిన్న ట్రిప్పులే తిరిగిందని అనుమానించాలి. ఆయిల్ కూడా ఏది పడితే అది పోయకూడదు, డీఎల్-1 రకం పోయాలి. ఏది పోశారో సర్వీస్ పుస్తకంలో ఉందేమో చూడండి.

హైవే మీద రోజూ తిరిగేవాళ్లకు ఇదే డీజిల్ కళ్లు మూసుకుని తీసుకోమంటాను.

బండి_పిచ్చి:
గ్యారేజ్ అన్నతో నేను ఏకీభవించను. వారానికోసారి మోటార్‌వే మీద ఒక అరగంట తిప్పితే డీపీఎఫ్ శుభ్రంగా ఉంటుంది, ఆ మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు. ఆరుగురు మనుషులు, సూట్‌కేసులు, పైన రూఫ్ బాక్స్ వేసుకుని క్రౌన్ రేంజ్ ఎక్కి చూడండి, పెట్రోల్ సీవీటీ అరుస్తుంది తప్ప కదలదు. క్వీన్స్‌టౌన్ నుంచి వానాకా వెళ్లే ఆ రోడ్డు 1,076 మీటర్ల ఎత్తుకెళ్తుంది. డీజిల్ అయితే అక్కడ శ్రమే తెలియదు. తాగేది కూడా తక్కువ.

గ్యారేజ్_గోదారి:
వారానికోసారి తిప్పాలన్న మాట మొదటి రెండు నెలలు గుర్తుంటుంది తమ్ముడూ. ఇంట్లో చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న మనిషి పని లేకుండా అరగంట మోటార్‌వే మీద తిరగడానికి వెళ్లడు. ఎక్కేటప్పుడు పెట్రోల్ కష్టపడుతుందన్న మాట నిజమే, దానికి నేనూ ఒప్పుకుంటాను. నిదానంగా ఎక్కితే ఎక్కుతుంది.

వైకాటో_శ్రీను:
ఖర్చు లెక్క కూడా వేసుకోండి. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు పంపు దగ్గర డీజిల్ రేటు చూసి చవక అనుకుంటారు. ఇక్కడ రోడ్డు పన్ను పెట్రోల్ రేటులోనే కలిసి ఉంటుంది, డీజిల్‌లో ఉండదు. దానికి బదులు ఆర్‌యూసీ (రోడ్ యూజర్ ఛార్జెస్, తిరిగిన దూరాన్ని బట్టి కట్టే రోడ్డు పన్ను) విడిగా, ముందుగానే కొనాలి, మామూలు బండికి వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు. ఏడాదికి పదివేలు తిరిగితే 760 డాలర్లు, పైన కొంత సర్వీస్ ఛార్జీ. ఇది కలిపితే తక్కువ తిరిగేవాళ్లకు డీజిల్‌తో మిగిలేది ఏమంత ఉండదు. పెట్రోల్ బళ్లనూ ముందుముందు ఆర్‌యూసీలోకి మారుస్తామని ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి ఈ తేడా ఎప్పటికీ ఇలాగే ఉంటుందని కూడా అనుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. డీజిల్ బండి అద్దం మీద ఆర్‌యూసీ లేబుల్ ఉంటుంది, ఎన్ని కిలోమీటర్ల దాకా డబ్బు కట్టారో దాని మీద రాసి ఉంటుంది. మీటర్ రీడింగ్ ఆ అంకె దాటి ఉంటే బకాయి ఉన్నట్టే, అది కొన్నవాళ్ల మెడకు చుట్టుకోవచ్చు. డబ్బు చేతులు మారకముందే లేబుల్, మీటర్ రెండూ ఒకే ఫోటోలో తీసి పెట్టుకోండి.

లక్ష్మి_వెల్లింగ్టన్:
నాకు ఇంజన్ల సంగతి పెద్దగా తెలియదు కానీ మా ఇంట్లో ఇదే వ్యాన్ ఉంది, అత్తామామలను ఎక్కించుకుని తిరుగుతున్నాం, అందుకని ఇల్లాలిగా నాలుగు మాటలు చెప్తాను.

ముందు మీ అమ్మగారి మోకాళ్ల గురించి ఆలోచించండి. డీ:5 నేల నుంచి బాగా ఎత్తు, మామూలు కారులా ఒక్క అడుగులో కూర్చోలేరు. కొన్ని మోడళ్లలో పక్క తలుపు తీయగానే కరెంటు మెట్టు బయటికి వస్తుంది. అది ఉన్న బండి దొరికితే దానికే ఓటేయండి, లేకపోతే మామూలు సైడ్ స్టెప్ అయినా ఉండాలి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ మెట్టు, రెండు స్లైడింగ్ తలుపులు పదిసార్లు తీసి వేసి చూడండి. తలుపు మోటార్ పాడైతే బాగుచేయించడం ఖరీదైన పని.

రెండోది పిల్లల సీట్లు. ఇక్కడ ఏడేళ్లు నిండేదాకా చైల్డ్ సీటు తప్పనిసరి. జపాన్ నుంచి వచ్చిన పాత బళ్లలో సీటు పైన పట్టీ తగిలించే టాప్ టెథర్ కొక్కెం చాలావాటికి ఉండదు, బయట బిగించుకోవాల్సి వస్తుంది. మీ సీట్లు రెండూ తీసుకెళ్లి అక్కడే బిగించి చూడండి. అవి మధ్య వరుసలో పెడితే అమ్మానాన్నలు వెనక్కి ఎలా వెళ్తారు? ఏడు సీట్ల మోడల్‌లో మధ్యలో దారి ఉంటుంది, ఎనిమిది సీట్లదాంట్లో బెంచీ అడ్డం వస్తుంది. మాది ఏడు సీట్లది, అందుకే బతికిపోయాం. వెనక వరుస వాడితే సామాన్ల చోటు చాలా తగ్గిపోతుంది, నలుగురు పెద్దల సూట్‌కేసులు పట్టవు.

ఎత్తు 1.87 మీటర్లు. రూఫ్ బాక్స్ పెడితే సిటీలో కప్పు ఉన్న చాలా పార్కింగ్‌లలోకి వెళ్లదు. బోర్డు చూసుకునే వెళ్లండి.

కొత్తగూడెం_కివీ:
లక్ష్మి అక్కా, సీట్ల మధ్య దారి సంగతి నాకు అసలు తట్టలేదు, చాలా థ్యాంక్స్. డీజిల్ ఎనిమిది సీట్లు, పెట్రోల్ ఏడు సీట్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కూడా.

డీజిల్ డీలర్ జపాన్ వేలం పత్రం పంపించాడు. గ్రేడ్ 4, లోపల బి అని ఉంది. బొమ్మ మీద ఎ1, యు2, డబ్ల్యు1 అని, కింది భాగం దగ్గర ఎస్ అని రాసి ఉంది. ఇవి ఏంటో ఎవరైనా చెప్పగలరా?

వైకాటో_శ్రీను:
ఎ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యు అంటే రిపేర్ చేసి రంగు వేసినట్టు. పక్కన అంకె ఎంత పెద్దదైతే అంత ఎక్కువ దెబ్బ. ఎక్స్‌ఎక్స్ అని ఉంటే ఆ భాగం మార్చేశారు. గ్రేడ్ స్థానంలో ఆర్ అనో ఆర్‌ఎ అనో ఉంటే యాక్సిడెంట్ అయి బాగుచేసిన బండి. ఎస్ అంటే తుప్పు, సి అంటే ఇంకా తిన్న తుప్పు. ఆ ఎస్ చూసి నేనైతే ఆగుతాను.

పత్రం మీద ఛాసిస్ నంబరు, బండి మీది ఒకటేనా చూశారా? జపాన్ బండి నంబరు ముందు మోడల్ కోడ్‌తో మొదలవుతుంది, డీజిల్ ఫోర్ వీల్ అయితే సీవీ1డబ్ల్యు, పెట్రోల్ 2.4 ఫోర్ వీల్ అయితే సీవీ5డబ్ల్యు. ఇక్కడికి వచ్చాక 7ఎటీతో మొదలయ్యే కొత్త విన్ (బండి గుర్తింపు నంబరు) ఇస్తారు, కాబట్టి పాత నంబరు కూడా అడగండి. వేలం రోజు మీటర్ రీడింగ్ కూడా పత్రంలో ఉంటుంది, అది ఇప్పటిదానికంటే ఎక్కువ ఉంటే ఇంక మాట్లాడేది లేదు, లేచి వచ్చేయండి.

గ్యారేజ్_గోదారి:
తుప్పు గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాన్‌కి ఉన్న అసలు చిక్కు ఇదే. జపాన్‌లో ఫోర్ వీల్ బండి ఎక్కువగా కొనేది ఎవరు? మంచు పడే ప్రాంతాలవాళ్లు, హొక్కైడో, అవొమొరి, నీగాత వైపువాళ్లు. అక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు రసాయనాలు చల్లుతారు. అవి కిందికి చేరి సబ్‌ఫ్రేమ్, వెనక సస్పెన్షన్ చేతులు, బ్రేక్ పైపులు, సిల్స్ (తలుపుల కింది పట్టీలు) లోపలి అంచులు తినేస్తాయి. పైన రంగు అద్దంలా మెరుస్తున్నా కింద సంగతి వేరుగా ఉంటుంది. అదే ఏడాది, అదే కిలోమీటర్ల టూ వీల్ డ్రైవ్ బండి టోక్యో నుంచి వస్తే కింద శుభ్రంగా ఉంటుంది.

దిగుమతి అయినప్పుడు ఇక్కడ ఎంట్రీ సర్టిఫికేషన్ చేస్తారు, బలానికి సంబంధించిన భాగాల్లో తుప్పు ఉంటే రోడ్డెక్కనివ్వరు. మంచి పద్ధతి. కానీ అది ఆ రోజు సంగతి. బండి వచ్చి నాలుగైదేళ్లయితే, ఆ మధ్యలో మురివై బీచ్ మీద ఇసుకలో ఉప్పునీళ్లలో తిప్పి కడగకుండా వదిలేసి ఉంటే? కింద కొత్తగా నల్లటి రబ్బరు పూత కొట్టి ఉంటే నాకు సంతోషం కాదు, అనుమానం వస్తుంది. పూత కింద ఏముందో గట్టిగా పొడిచి చూడాలి.

ఇది పడుకుని ఫోన్ లైట్‌తో చూస్తే తేలేది కాదు. ఏఏ (ఆటోమొబైల్ అసోసియేషన్) దగ్గరో, మీకు నమ్మకమున్న వర్క్‌షాప్‌లోనో లిఫ్ట్ మీద ఎక్కించి ప్రీ పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ చేయించండి. డబ్లూఓఎఫ్ (ఇక్కడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కొత్తగా ఉందిగా అంటాడు డీలర్. డబ్లూఓఎఫ్ చూసేది ఈ రోజు బండి రోడ్డు మీద సురక్షితమా కాదా అని మాత్రమే, ఇంజన్, గేర్‌బాక్స్ ఎంతకాలం ఉంటాయో అది చూడదు.

వాంకూవర్_వర్మ:
కెనడా నుంచి. ఇక్కడ 15 ఏళ్లు దాటిన బండిని జపాన్ నుంచి తెచ్చుకోనిస్తారు కాబట్టి బ్రిటిష్ కొలంబియాలో డెలికాలు చాలా కనిపిస్తాయి, కుడివైపు స్టీరింగే. అమెరికాలో అయితే 25 ఏళ్లు దాటాలి. నా దగ్గర ఉన్నది పాతది, స్పేస్ గేర్, 1994 నుంచి 2007 దాకా వచ్చిన మోడల్, 2.8 డీజిల్. అది లో రేంజ్ (కష్టమైన దారిలో నిదానంగా, బలంగా లాగే గేరు) ఉన్న నిజమైన ఫోర్ వీల్ డ్రైవ్, డీ:5లో లో రేంజ్ ఉండదు. ఎవరైనా డబ్బు తక్కువని స్పేస్ గేర్ వైపు చూస్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వెనక హీటర్‌కి నీళ్లు తీసుకెళ్లే ఇనుప పైపులు బండి కింద ఉంటాయి. అవి తుప్పు పట్టి చిల్లు పడితే కూలెంట్ కారిపోతుంది, ఇంజన్ కాగిపోయి హెడ్ పగులుతుంది. కొన్న వారంలోనే ఆ పైపులు చూపించాలి.

హైదరాబాద్_రోడ్లు:
ఇలాంటి వ్యాన్ మన దగ్గరికి తెచ్చుకోవచ్చా అన్నా? స్టీరింగ్ కుడివైపే కదా. లడఖ్ వెళ్లాలని ఉంది.

వైకాటో_శ్రీను:
ఇండియాకి సెకండ్ హ్యాండ్ కారు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై ఓడరేవు ద్వారానే రావాలి, సుంకం బండి ధరకంటే ఎక్కువ పడుతుంది. దాని బదులు ఫోర్స్ గూర్ఖా చూడు తమ్ముడూ, ఆ డబ్బుతో కొని ఇంకా మిగులుతుంది, స్పేర్ పార్టులూ దొరుకుతాయి.

టౌరంగా_తమ్ముడు:
ఇక్కడ డీలర్ లాభం ఎందుకివ్వాలి, నేరుగా జపాన్ వేలంలో ఏజెంట్ ద్వారా కొంటే రెండు మూడు వేలు మిగులుతాయి కదా?

వైకాటో_శ్రీను:
మిగలొచ్చు. కానీ ఓడ కిరాయి, జీఎస్టీ, ఎంట్రీ సర్టిఫికేషన్, 2023 నుంచి పొగను బట్టి వేసే క్లీన్ వెహికల్ స్టాండర్డ్ ఛార్జీ, అన్నీ మీ మీదే పడతాయి.  పైగా సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా స్టింక్ బగ్ అనే పురుగు భయంతో బళ్లను వేడి చేసి శుద్ధి చేయాలి. 2018 ఫిబ్రవరిలో ఆ పురుగులు దొరికాయని కార్ల ఓడలనే వెనక్కి పంపారు. కొత్తగూడెం అన్నకి డిసెంబరుకి బండి కావాలి, ఆయనకి ఈ దారి కుదరదు.

ఇంకా పెద్ద విషయం, డీలర్ దగ్గర కొంటే కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం వర్తిస్తుంది. కొన్న కొద్ది రోజుల్లో గేర్‌బాక్స్ పోతే బాగుచేయించే బాధ్యత వాళ్లది. వినకపోతే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, లక్ష డాలర్ల దాకా విచారిస్తుంది. మా బంధువు ఒకరికి ఇలాగే కొన్న వ్యాన్‌లో గేర్‌బాక్స్ జారడం మొదలైతే, డీలర్ మొదట తనకి సంబంధం లేదన్నాడు. ట్రిబ్యునల్‌లో ఫిర్యాదు వేస్తున్నానని ఈమెయిల్ పెట్టగానే మాట మారింది. ప్రైవేట్ మనిషి దగ్గర కొంటే ఈ రక్షణ ఉండదు. అప్పుడు బండి మీద పాత అప్పు ఉందేమో కూడా మీరే వెతుక్కోవాలి.

కొత్తగూడెం_కివీ:
అప్‌డేట్. మీరందరూ చెప్పినట్టే రెండు బళ్లకూ ఇన్‌స్పెక్షన్ చేయించాను. డీజిల్ రిపోర్టులో వెనక సస్పెన్షన్ బిగించే చోట తుప్పు పొరలు పొరలుగా లేస్తోందని రాశారు, ఫోటోలు చూస్తే నాకే భయమేసింది. డిప్‌స్టిక్ లెవెల్ కూడా పై గీత దాటి ఉంది. ఐదు వందలు తగ్గిస్తానన్నాడు, వద్దని వచ్చేశాను.

పెట్రోల్‌ది కింద శుభ్రంగా ఉంది. లోపాలు ఇవి: ముందు బ్రేకులు సగం అరిగాయి, సీవీటీ ఆయిల్ మార్చిన రికార్డు లేదు, టైర్లు నాలుగూ జపాన్ చలికాలం టైర్లు, లోతు నాలుగున్నర మిల్లీమీటర్లు. అడిగిన ధర 17,990. ఎంత తగ్గించమనాలి? టైర్లు మంచు టైర్లే కదా, మాకు మంచిదే అనుకోవచ్చా?

గ్యారేజ్_గోదారి:
డీజిల్ వదిలేశారు, చాలా సంతోషం.

టైర్ల విషయంలో మంచిది కాదు. మంచు గుర్తున్న వింటర్ టైర్లకు ఇక్కడ డబ్లూఓఎఫ్‌లో కనీసం నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉండాలి, మామూలు టైర్లకు ఒకటిన్నర చాలు. మీవి ఇంకో అర మిల్లీమీటరుకి మించి అరిగితే ఫెయిల్. పైగా ఆక్లండ్ వేసవిలో, తడి రోడ్డు మీద ఈ మెత్తటి రబ్బరు పట్టు బాగుండదు, బ్రేక్ వేస్తే దూరం పోతుంది. పక్కన నాలుగంకెల కోడ్ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పాతవైతే ఇంకా చెప్పక్కర్లేదు. నాలుగూ ఒకేసారి మార్పించండి, ఒకే కంపెనీ, ఒకే మోడల్. రెండు కొత్తవి రెండు పాతవి వేస్తే చక్రాల చుట్టుకొలతలో తేడా వచ్చి ముందు, వెనక చక్రాలను కలిపే ఫోర్ వీల్ కప్లింగ్ మీద భారం పడుతుంది.

కాబట్టి ధర తగ్గించమని అడగొద్దు. నాలుగు కొత్త ఆల్ సీజన్ టైర్లు, సరైన సీవీటీ ఆయిల్ మార్పిడి, ముందు బ్రేక్ ప్యాడ్లు, ఇవి చేయించి ఇవ్వమనండి, ఇన్‌వాయిస్ కాపీలతో సహా. డీలర్‌కి ఇవి హోల్‌సేల్ రేటుకి అవుతాయి, ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మీకు మాత్రం పూర్తి విలువ దక్కుతుంది. తీసుకునే ముందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి డీ, ఆర్ మార్చి చూడండి, ఆలస్యంగా పట్టుకుంటుందా, కుదుపు ఉందా. తర్వాత ఒక ఎత్తు ఎక్కించి ఊళ లాంటి శబ్దం వస్తుందేమో వినండి. ఈ ఇంజన్‌కి టైమింగ్ చైన్, బెల్ట్ మార్చే ఖర్చు లేదు.

లక్ష్మి_వెల్లింగ్టన్:
రేడియో గురించి కూడా అడగండి, జపాన్ ఎఫ్ఎం 76 దగ్గర మొదలవుతుంది, ఇక్కడివి 88 నుంచి 108. బ్యాండ్ ఎక్స్‌పాండర్ పెట్టకపోతే చాలా స్టేషన్లు రావు. నావిగేషన్ జపాన్ మ్యాపే చూపిస్తుంది. స్టీరియో మార్పిస్తే రివర్స్ కెమెరా పనిచేస్తోందా లేదా చూసుకోండి, పిల్లలున్న ఇల్లు.

బండి_పిచ్చి:
ఎనిమిది సీట్ల డీజిల్ తుప్పుదైతే వదిలేయడమే మంచిది, దాంట్లో వాదన లేదు. పెట్రోల్‌తో క్రౌన్ రేంజ్ ఎక్కేటప్పుడు రూఫ్ బాక్స్ ఇంట్లో పెట్టి వెళ్లండి, బరువు తగ్గితే తేడా తెలుస్తుంది.

కొత్తగూడెం_కివీ:
టైర్లు, ప్యాడ్లు, సీవీటీ ఆయిల్ మూడూ చేయిస్తానన్నాడు, ధర 17,800. అన్నీ కాగితం మీద రాయించుకున్నాను. శనివారం తీసుకుంటున్నాం. చివరగా ఒక్క ప్రశ్న, జూన్ ట్రిప్‌కి ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా, మంచులో టైర్లకు చుట్టే చైన్లు కొనాలా?

గ్యారేజ్_గోదారి:
కొనాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. ఐసు మీద ఆపేది టైరు, చైను. చలికాలంలో మిల్‌ఫోర్డ్ రోడ్డు మీద, స్కీ ఫీల్డ్ రోడ్ల మీద బోర్డు పెట్టిన రోజున ఫోర్ వీల్ బళ్లూ చైన్లు దగ్గర పెట్టుకునే ఉండాలి. కొత్త టైర్ సైజు చూసి కొనండి, పాతవాటి సైజు వేరుగా ఉండొచ్చు. మీ ఇంటి ముందే ఒకసారి బిగించి చూసుకోండి, చీకట్లో మంచులో అమ్మానాన్నలను కూర్చోబెట్టి మొదటిసారి నేర్చుకోవద్దు. మామూలు తడి రోడ్డుకి సెలెక్టర్ ఫోర్ వీల్ ఆటోలో ఉంచండి, లాక్ జారే చోటే వాడండి.

వెల్లింగ్టన్ నుంచి పిక్టన్ ఫెర్రీకి బుక్ చేసేటప్పుడు పొడవు 4.73 మీటర్లు, ఎత్తు రూఫ్ బాక్స్‌తో కలిపి ఇవ్వండి. క్రైస్ట్‌చర్చ్ దాటేటప్పుడు వర్క్‌షాప్‌కి రండి, ఒకసారి లిఫ్ట్ మీద పెట్టి బోల్టులన్నీ చూసి పంపిస్తాను.